తలుపు మీద ‘మ్నా’

అందరికీ నమస్కారం.

ముందు నా పరువు పోయిన సంగతి చెప్పేస్తాను. ఐర్లండ్ పడమటి తీరంలో, గాల్వేలో ఒక భోజనశాల. లోపల పక్కపక్కనే రెండు తలుపులు. ఒకదాని మీద ఎఫ్, ఐ, ఆర్. రెండోదాని మీద ఎమ్, ఎన్, నెత్తిన ఏటవాలు గీత ఉన్న ఏ. బొమ్మలు లేవు. ఎఫ్ అంటే ఫీమేల్, ఎమ్ అంటే మేల్ అనుకుని ధీమాగా రెండో తలుపు తోశాను. అద్దం ముందు జుట్టు సర్దుకుంటున్న ఒక పెద్దావిడ వెనక్కి తిరగకుండానే నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వులో ఆశ్చర్యం లేదు. అలా వచ్చినవాళ్లలో నేను మొదటివాణ్ని కాదన్నమాట.

‘మ్నా’ అంటే ఐరిష్ భాషలో ఆడవాళ్లు. గాల్వే వైపు ‘మ్రా’ అని పలుకుతారు. దీని ఏకవచనం ‘బ్యాన్’. ఒక్క నకారం తప్ప రెండింటికీ పోలికే లేదు. పాఠ్యపుస్తకాలు దీన్ని నియమాలకు లొంగని మాటగా పక్కన పెడతాయి. దాని మీద ఆ నింద మోపడం అన్యాయమని నా వాదన.

దాని వేషాలు చూడండి. ‘ఆ స్త్రీ’ అనాలంటే ముందు ‘అన్’ చేరుతుంది, బకారం కాస్తా మెత్తబడి ‘అన్ వ్యాన్’ అవుతుంది. ‘ఆ స్త్రీ యొక్క’ అంటే ‘న మ్నా’. ‘ఆ స్త్రీలు’ అన్నా ‘న మ్నా’యే. ‘ఆ స్త్రీల యొక్క’ అంటే మాత్రం ‘న మన్’. మాట మొదటి అక్షరమే మారిపోవడం కొత్తవాళ్లను బెదరగొడుతుంది. గసడదవాదేశం చదువుకున్న మనం బెదరనక్కర్లేదు. తల్లి పక్కన చేరగానే తండ్రి ‘దండ్రి’ కాలేదా? మనకది పక్క మాటను బట్టి వచ్చే మార్పు. వాళ్లకూ అంతే. ‘అన్’ పూర్వరూపం అచ్చుతో ముగిసేది కాబట్టి బ మెత్తబడింది. షష్ఠీ బహువచనంలో పాత విభక్తి అనునాసికంతో ముగిసేది, అది వచ్చి బకారాన్ని మింగేసింది.

మింగినా రాతలో మాత్రం దాన్ని చెరపరు. 1914లో డబ్లిన్‌లో పుట్టిన మహిళా సంస్థ పేరు ‘కుమన్ న మన్’. రాసేటప్పుడు చిన్న ఎమ్, వెంటనే పెద్ద బి. పలికేది ఎమ్, ఊరికే నిలబడేది బి. మనం ‘తల్లిదతండ్రులు’ అని రాసి తకారాన్ని పలకకుండా వదిలేస్తే ఎలా ఉంటుందో అలా. నాకు ఈ పద్ధతి ముచ్చటగా ఉంటుంది. మాట ఎంత మారినా దాని అసలు మొహం కనబడుతూనే ఉంటుంది.

ఇక అర్థం. ‘మో వ్యాన్’ అంటే నా స్త్రీ, అంటే నా భార్య. మనం ‘మా ఆవిడ’ అనడం లేదూ! ‘బ్యాన్ అన్ టీ’ అంటే ఇంటావిడ. ఐరిష్ నేర్చుకోవడానికి వేసవిలో ఆ భాష మాట్లాడే పల్లెలకు వెళ్లే పిల్లలకు తిండీ పడకా చూసేది ఆవిడే. ‘బ్యాన్ షీ’ అంటే దిబ్బల కింద ఉండే దేవతాజాతి స్త్రీ, ఇంట్లో చావు రాబోతుంటే ఏడుస్తుందని నమ్మకం. ఇంగ్లీషు ‘బ్యాన్షీ’ అదే.

పుట్టుక దగ్గరే అసలు రుచి. ఐరిష్, సంస్కృతం, గ్రీకు, పారశీకం, ఇంగ్లీషు అన్నీ ఒకే కుటుంబం. వాటన్నిటికీ తల్లి అయిన ఇండో-యూరోపియన్ మూలభాషలో గ, వ కలిసిపోయిన ‘గ్వ’ వంటి ధ్వని ఉండేది. ఐరిష్‌లో అది బ అయింది, సంస్కృతంలో గ లేదా జ. ఆవును వాళ్లు ‘బో’ అంటారు, సంస్కృతంలో ‘గో’. బతికి ఉన్నదాన్ని ‘బ్యో’ అంటారు, ఇక్కడ ‘జీవ’. అదే లెక్కన ‘బ్యాన్’కు సంస్కృతంలో జోడీ ‘జని’, అంటే స్త్రీ. జనని గుర్తొస్తే పక్కన పెట్టండి, కనడమనే ఆ ధాతువు వేరు. ‘మ్నా’కూ జోడీ ఉంది. ఋగ్వేదం దేవతాస్త్రీలను ‘గ్నా’ అంటుంది. మధ్యలో అచ్చు ఉంటే బ్యాన్, జని. అచ్చు జారిపోతే మ్నా, గ్నా. బకారం నకారానికి ఆనుకునే సరికి ‘బ్నా’ ‘మ్నా’ అయింది, అంతే. వేల ఏళ్ల నాటి నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించినందుకు ఈ మాటకు దక్కిన బిరుదు, నియమాలకు లొంగనిదని!

తెలుగు ఆ కుటుంబంలోది కాదు. అయినా ఈ చుట్టాలు మన ఇంట్లో తిరుగుతూనే ఉన్నారు. గ్రీకు ‘గ్యునే’ నుంచి గైనకాలజిస్ట్, పారశీక ‘జన్’ నుంచి జనానా. జనానా ఆసుపత్రిలో గైనకాలజిస్ట్ అంటే ఒకే మాటను రెండుసార్లు పలికినట్టు. ఇంగ్లీషు ‘క్వీన్’ కూడా ఆ గుంపులోదే.

మొదటి తలుపు మీద ఉన్న ‘ఫిర్’ సంగతి మిగిలింది. అది ‘ఫ్యార్’కు బహువచనం, మగవాళ్లు. దాని చుట్టం సంస్కృత ‘వీర’. వీరుల గది పక్కనే ఉండగా నేను తోసింది మ్నా తలుపు.