ముందు పోటు టైమ్ చూడండి: తీరపు చిత్తడినేలల పార్కుకు ఒక్కరోజు ప్రయాణంపై ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. ఉప్పునీటి చిత్తడినేలలు, మడ అడవులు ఉన్న వన్యప్రాణి పార్కుకు పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావాలనుకునేవాళ్ల కోసం ఇవాళ్టి కార్యక్రమం. చాలా ఏళ్లుగా తీరపక్షుల లెక్కింపులో పనిచేస్తున్న మేడమ్ మనతో ఉన్నారు. మొదటి కాలర్, చెప్పండమ్మా.

కాలర్: నమస్తే మేడమ్. ఆదివారం పిల్లల్ని తీసుకెళ్దామనుకుంటున్నాం. పొద్దున ఆరింటికల్లా అక్కడ ఉండాలా?

మేడమ్: నమస్తే అమ్మా. మామూలు అడవైతే ఆరింటికే వెళ్లమనేదాన్ని. ఇక్కడ టైమ్ చెప్పేది సముద్రం. ఆ రోజు ఆటుపోట్ల పట్టిక చూశారా?

కాలర్: లేదండీ.

మేడమ్: ముందు పోటు టైమ్ చూడండి. తర్వాతే మిగతా ప్లాన్. నీళ్లు వెనక్కి పోయినప్పుడు బురద నేల చాలా దూరం బయటపడుతుంది. పక్షులన్నీ దాని మీదికి చెదిరిపోయి పురుగులు, నత్తలు ఏరుకుంటాయి. బైనాక్యులర్‌లో చూసినా చుక్కల్లాగే ఉంటాయి. పోటు ఎక్కే కొద్దీ మేత నేల మునిగిపోతుంది కాబట్టి అవే ఒడ్డు వైపు జరుగుతూ వస్తాయి. నిండుపోటుకు రెండు మూడు గంటల ముందు చేరుకుంటే అవే మీ దగ్గరికి వస్తాయి. పిల్లలు కదలకుండా కూర్చుంటే చాలు.

కాలర్: ఇవాళ్టి టైమే ఆదివారం కూడా ఉంటుందా?

మేడమ్: ఉండదమ్మా. చాలా తీరాల్లో పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఇవాళ పదింటికి నిండితే రేపు 10.50 ప్రాంతంలో నిండుతుంది. ఏ రోజుది ఆ రోజు చూసుకోవాల్సిందే.

యాంకర్: థాంక్యూ అమ్మా. తర్వాతి కాలర్. హలో?

కాలర్: హలో... హలో... ఆ, వినబడుతోందా?

యాంకర్: సార్, మీ టీవీ సౌండ్ తగ్గించండి.

కాలర్: ఆ... తగ్గించాను. నమస్కారం అమ్మా. నేను రిటైర్ అయ్యాను. మేం మొత్తం పద్నాలుగు మందిమి. మా బావమరిది వాళ్లు, మనవలు, మా అత్తగారు కూడా వస్తానంటున్నారు. ఆవిడకు మోకాళ్ల నొప్పులు. రెండు బండ్లు మాట్లాడాం. భోంచేసి బయల్దేరితే మూడింటికి చేరతాం. నా ప్రశ్న ఏంటంటే, నీళ్ల మధ్యలో ఒక ఇసుక దిబ్బ ఉందట. పక్షులన్నీ దాని మీదే ఉంటాయట. అక్కడిదాకా నడిచి వెళ్లొచ్చా? అందరం ఒక ఫోటో దిగుదామని.

మేడమ్: వద్దు అన్నయ్యగారూ. ముందు చెప్పండి, ఆ రోజు పోటు ఎన్నింటికి?

కాలర్: రాసుకున్నాను, ఉండండి... కళ్లద్దాలు... ఆ, నిండుపోటు 11.40.

మేడమ్: టైమ్ చూసుకున్నారు, సంతోషం. అయితే తొమ్మిదికల్లా అక్కడ ఉండండి. నిండుపోటు నుంచి నీళ్లు పూర్తిగా వెనక్కి పోవడానికి ఆరు గంటలు పైన పడుతుంది. మీరు మూడింటికి వెళ్లేసరికి సగం నీళ్లు పోయి ఉంటాయి, వాటి వెనకే పక్షులూ పోయి ఉంటాయి.

కాలర్: నీళ్లు పోతే మంచిదే కదమ్మా. అప్పుడు దిబ్బ దాకా నడిచి వెళ్లొచ్చుగా?

మేడమ్: అదే ప్రమాదం. బురదలో దిగొద్దు. పైన ఆరినట్టు కనిపిస్తుంది, అడుగు వేస్తే మోకాలి దాకా దిగిపోతుంది. నేను కొత్తగా లెక్కింపుకు వెళ్లిన రోజుల్లో పది అడుగులే కదా అని దిగాను. బూటు లోపలే ఉండిపోయింది, కాలు ఒక్కటే బయటికి వచ్చింది. ఇద్దరు పట్టుకుని లాగితే గానీ ఒడ్డెక్కలేదు. ఆ ఇద్దరూ లేకపోతే ఏమయ్యేదో.

కాలర్: మా బావమరిది పోయినసారి వెళ్లొచ్చాడట...

మేడమ్: ఆయన అదృష్టం. మళ్లీ పోటు మొదలైనప్పుడు నీళ్లు ఎదురుగా ఒక్క అలలాగా రావు. ముందు పల్లంగా ఉన్న పాయలు నిండుతాయి. ఆ పాయలు మీకూ ఒడ్డుకూ మధ్యే ఉంటాయి. మీరు సముద్రం వైపు చూస్తూ ఉంటారు, వెనక దారి మూసుకుపోతుంది. మీ లెక్కలో అది చీకటి పడే వేళ. పిల్లలున్నారు, పెద్దావిడ ఉన్నారు. ఆలోచించండి.

కాలర్: నిజమేలెండి. పోనీ పొద్దున నీళ్లు ఎక్కకముందు, ఒక్క పది నిమిషాలు దిబ్బ మీదికి...

మేడమ్: అన్నయ్యగారూ, మూడోసారి అడుగుతున్నారు. వద్దు. మనం మునిగిపోతామని మాత్రమే కాదు. పోటు వేళ పక్షులకు మిగిలే పొడి చోటు ఆ దిబ్బే. 2022లో గాడ్విట్ అనే తీరపక్షి, పుట్టి కొన్ని నెలలే అయిన పిల్ల, అలాస్కా నుంచి టాస్మానియాకు 11 రోజులు ఎక్కడా ఆగకుండా 13,560 కిలోమీటర్లు ఎగిరింది. దానికి కట్టిన ట్రాన్స్‌మిటర్ వల్ల తెలిసింది. అలా వలస పోయే పక్షులు మేసి కొవ్వు పట్టించుకునేది ఇలాంటి బురద నేలల్లోనే. మనం లేపిన ప్రతిసారీ కూడబెట్టుకున్న ఆ బలం ఖర్చవుతుంది. గూళ్లు పెట్టే కాలమైతే ఇంకా కష్టం. ఇసుకలోనే గుడ్లు పెట్టే పక్షులున్నాయి. ఆ గుడ్లు గులకరాళ్లలా ఉంటాయి, తొక్కేదాకా తెలియదు.

కాలర్: అయ్యో. ఇదంతా తెలియదమ్మా. వెళ్లంలెండి. మరి మా అత్తగారు? ఆవిడను ఇంట్లో వదిలేసి రావాలా?

మేడమ్: వదిలేయడం ఎందుకండీ! తప్పకుండా తీసుకెళ్లండి. చెక్క బాట ఎంత దూరముంది, కుర్చీ బండి పోతుందా, చాటుగా కూర్చుని చూసే గది ఉందా అని పార్కుకు ఫోన్ చేసి అడగండి. తొమ్మిదికి ఆవిడను అక్కడ కూర్చోబెడితే పక్షులే ఎదురుగా వచ్చి వాలతాయి. అటూ ఇటూ తిరిగే మీకంటే ఆవిడే ఎక్కువ చూస్తారు. పద్నాలుగు మందీ ఒకేసారి వెళ్లకుండా మూడు జట్లుగా వెళ్లండి. తెల్లబట్టలు, మెరిసే బట్టలు వద్దు.

కాలర్: చాలా సంతోషం అమ్మా. పోటు 11.40, తొమ్మిదికి చేరాలి. అంతేగా?

మేడమ్: అంతే. బురదలో దిగొద్దు.

యాంకర్: థాంక్యూ సార్. నెక్స్ట్ కాలర్.

కాలర్: హాయ్ మేడమ్, నా దగ్గర డ్రోన్ ఉంది. పైనుంచి గుంపు మొత్తం...

మేడమ్: ఎగరేయకు నాన్నా. వాటికి అది గద్దలాగే కనిపిస్తుంది. గుంపు మొత్తం లేచిపోతుంది.

కాలర్: బాగా ఎత్తులో అయితే?

మేడమ్: ఎత్తులోనూ వద్దు.

యాంకర్: ఓకే. తర్వాతి కాలర్... హలో? లైన్ కట్ అయినట్టుంది. ఇంకొకరు ఉన్నారు. చెప్పండి.

కాలర్: మేడమ్, బైనాక్యులర్ కొనాలి. షాపులో 20 రెట్లు చూపించేది ఉందన్నారు.

మేడమ్: చేతిలో నిలవదమ్మా, బొమ్మ ఊగిపోతుంది. 8x42 అని రాసి ఉన్నది చూడండి. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లు. వెలుతురు బాగా వస్తుంది. కొనే ముందు ఎవరిదైనా అడిగి ఒక పూట వాడి చూడండి. అన్నట్టు, చెక్క బాట మీద ఉన్నప్పుడు కిందికి కూడా చూడండి. మడ చెట్ల చుట్టూ పెన్సిళ్లు గుచ్చినట్టు నిలబడి ఉండేవి వాటి శ్వాస వేర్లు. గాలి ఆడని బురదలో ఉంటాయి కాబట్టి చెట్టు వేరును పైకి పంపి గాలి పీలుస్తుంది. వాటి మధ్య ఒక్క చెయ్యి మాత్రం పెద్దగా ఉన్న మగ పీతలు ఆ చెయ్యి ఊపుతూ ఉంటాయి. ఇవి చూడ్డానికి బైనాక్యులర్ అక్కర్లేదు, నీళ్లు తగ్గి ఉంటే చాలు.

కాలర్: ఒకవేళ ఎవరైనా బురదలో కూరుకుపోతే ఏం చేయాలి మేడమ్?

మేడమ్: గింజుకోకూడదు. వెనక్కి వాలి బరువంతా పరుచుకోవాలి. కాలు నెమ్మదిగా అటూ ఇటూ కదుపుతూ కొద్దికొద్దిగా లాక్కోవాలి. బూటు పోతే పోనివ్వండి. పోటు మొదలైందంటే ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీ నంబర్‌కు ఫోన్ చేయాలి. అందుకే ఫోన్ పూర్తిగా చార్జ్ చేసుకుని...

యాంకర్: మేడమ్, టైమ్ అయిపోయింది.

మేడమ్: ఒక్క మాట. ఉప్పునీటి సరస్సు లోపల, సముద్రపు ముఖద్వారానికి దూరంగా పార్కు ఉంటే పోటు ఆలస్యంగా వస్తుంది, తక్కువగా వస్తుంది. తీరం పట్టిక అక్కడ సరిపోదు. పార్కు వాళ్లనే అడగండి.

యాంకర్: థాంక్యూ మేడమ్. ఫోన్ చేసిన అందరికీ ధన్యవాదాలు.