మూత విప్పి చూడండి
(కడపలో సంగీతాభిమానుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇప్పటికే రెండుసార్లు చదివారు, నేను నేరుగా విషయంలోకి వస్తాను. ఇంట్లో సంగీతం బాగా వినడం ఎలా అనే అంశం నాకిచ్చారు. స్పీకర్లు ఎక్కడ పెట్టాలి, గది ఎలా ఉండాలి అని కాగితం మీద రాసుకొచ్చాను కూడా. కానీ ఈ బల్ల మీద నేను తెచ్చి పెట్టిన పెట్టె ఉంది చూశారా, దాని సంగతి ముందు చెప్పకపోతే నాకు మనసొప్పదు.

ఇది మరాంట్జ్ సీడీ ప్లేయర్, 1980ల చివరి కాలం నాటిది. మా బావ కువైట్ నుంచి తెచ్చాడు. రాజంపేట, రాయచోటి వైపు కువైట్‌కు మనిషిని పంపని వీధి అరుదు, మీకు నేను చెప్పాల్సిన పని లేదు. అక్కడా కరెంటు 240 వోల్టులే కాబట్టి ఇక్కడికి తెచ్చి నేరుగా ప్లగ్గులో పెడితే పాడింది. జపాన్‌లో అమ్మడానికి చేసిన సెట్టయితే 100 వోల్టులది. దాన్ని మన 230లో పెడితే పొగే. పాత ప్లేయర్ కొనేవాళ్లు ముందు వెనకవైపు అంటించిన చీటీ చదవండి.

బావ పోయాక అక్క ఇంట్లో ఇది మూలన పడింది. ఆన్ చేస్తే లైటు వెలుగుతుంది, డిస్క్ తిరగదు. సర్వీసు షాపుకు తీసుకెళ్లాం. షాపాయన మూత కూడా విప్పలేదు. "లేజర్ పోయింది సార్, పార్టు దొరకదు, పాత ఇనుముకు వేసేయండి" అన్నాడు. అక్క సరేనంది. ఇనుప సామాన్లతను వచ్చి తూకం కూడా వేశాడు. అప్పుడు నేను అడ్డం పడ్డాను.

ఎందుకంటే ఈ ప్లేయర్‌తో పాటు అక్క దగ్గర ఒక డిస్క్ ఉంది. మా నాయన పద్యనాటకాల్లో వేషం కట్టేవాడు. తిరునాళ్లలో ఆయన రాగం తీస్తే జనం వన్స్‌మోర్ అని అరిచేవాళ్లు. ఒకసారి ఎవరో మైకు దగ్గర టేప్‌రికార్డర్ పెట్టి పట్టారు. ఆ క్యాసెట్‌ను బావ స్టూడియోలో ఇచ్చి సీడీ చేయించాడు. తర్వాత క్యాసెట్‌కు బూజు పట్టింది, రీలు నలిగి తెగింది. నాయన గొంతు ఇక ఆ డిస్క్‌లో తప్ప ఎక్కడా లేదు. ఇప్పటి లాప్‌టాప్‌లకు డిస్క్ పెట్టే చోటే ఉండటం లేదు. "అన్నీ ఫోన్‌లో ఉన్నాయి కదా మామా" అని మా మేనల్లుడు అంటాడు. అన్నీ ఉన్నాయి, నాయన లేడు.

ఇక్కడ ఒక మాట. మనది తాళ్లపాక అన్నమయ్య పుట్టిన నేల. ఆయన పాటలు వందల ఏళ్లు తిరుమలలో రాగిరేకుల మీద ఉండిపోయాయి. రేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది. ఆయన ఏ వరసలో పాడాడో అది మాత్రం లేదు. మన పక్క అనంతపురం జిల్లాలో పుట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు, 1893లో పుట్టినాయన, ఆ కీర్తనలెన్నింటికో కొత్తగా స్వరాలు కట్టాల్సి వచ్చింది. అంత గొప్ప పండితుడు చేశాడు కాబట్టి మనం పాడుకుంటున్నాం. కానీ అన్నమయ్య గొంతు? ఏ రేకూ దాన్ని పట్టలేదు. మనకు పట్టే సాధనం దొరికింది. పట్టాం కూడా. పట్టినదాన్ని చదివే యంత్రాన్ని కిలోల లెక్కన అమ్ముతున్నాం. ఆలోచించండయ్యా!

సరే, దీన్ని ఎలా లేపానో చెప్తాను. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయినవాణ్ణి, కాబట్టి కొంచెం పాఠం తప్పదు.

డిస్క్ మీద ఉండేది లేజర్ కాంతి చదివే ఒకే ఒక చుట్ట దారి. లోపల మొదలై బయటికి వస్తుంది. చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం 1.6 మైక్రాన్లు. ఒక వెంట్రుక మందంలో నలభై చుట్లు పడతాయి. మొత్తం విప్పితే ఐదు కిలోమీటర్లు దాటుతుంది. లోపలి అంచులో నిమిషానికి సుమారు 500 చుట్లు తిరిగే డిస్క్, బయటి అంచుకు వచ్చేసరికి 200కు తగ్గుతుంది. ఇవన్నీ సక్రమంగా జరిగితేనే పాటను దాచిన అంకెలు ఒక్కో స్పీకరుకు సెకనుకు 44,100 చొప్పున బయటికొస్తాయి. అంత సూక్ష్మమైన పనిని ముప్పై ఏళ్లకు పైగా చేసిన యంత్రం ఒకరోజు ఆగితే, దాని లేజర్ చచ్చిపోయిందని మూత విప్పకుండా ఎలా తేల్చేస్తారు? నాకు కోపం వచ్చేది అక్కడే. లేజర్లు పోవని నేననడం లేదు, పోతాయి. కానీ దానికంటే ముందు చూడాల్సినవి ఎన్ని ఉన్నాయి!

మొదటిది దుమ్ము. మన ఊళ్లో బండల గనుల దుమ్ము, సిమెంటు దుమ్ము, దేనికీ కొదవ లేదు. అది లెన్సు మీద పొరలా పేరుకుంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూదిపుల్ల తడిపి, పిండేసి, ఒత్తకుండా తుడవాలి. నెయిల్‌పాలిష్ తుడిచే మందు పెట్టారంటే ప్లాస్టిక్ లెన్సు పాడైనట్టే. దీనిది గాజు లెన్సు, ఫిలిప్స్ వాళ్లు చేసిన మెకానిజం. లేజర్ చేయి ఊగుతూ డిస్క్ మీద అడ్డంగా కదులుతుంది. చాలా ఇతర సెట్లలో లేజర్ పట్టాల మీద జారుతుంది. వాటిలో పాత గ్రీజు మైనంలా గట్టిపడి లేజర్‌ను కదలనివ్వదు. పాతది పూర్తిగా తుడిచి, కొత్తది కొద్దిగా రాస్తే చాలు, చచ్చిందన్న సెట్టు పాడుతుంది.

రెండోది వేడి. బోర్డు మీద కరెంటును నిల్వ ఉంచే చిన్న డబ్బాలుంటాయి, కెపాసిటర్లంటారు, వాటిలో ఉండే ద్రవం కాలంతో పాటు ఎండిపోతుంది. చుట్టూ వేడి పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందని టెక్నీషియన్లు వేసే లెక్క. మన మే నెల సంగతి మీకు తెలుసు. కాబట్టి కడపలో కెపాసిటర్లు మార్చేటప్పుడు 105 డిగ్రీల వేడి తట్టేవే అడిగి తీసుకోండి.

ఈ సెట్టులో అసలు జబ్బు మాత్రం టంకంలో ఉంది. బోర్డు పైవైపునూ కిందివైపునూ కలిపే చోట్ల టంకం కంటికి కనపడనంత సన్నగా పగిలింది. వేడికి సాగి, చల్లబడి ముడుచుకుని, ఏళ్ల తరబడి అలా జరిగితే పగులుతుంది. భూతద్దం పెట్టి ఒక్కొక్కటీ వెతికి, పాత టంకం తీసి కొత్తది పెట్టాం. డ్రాయర్ రబ్బరు బెల్టు సాగిపోయి ఉంటే మార్చాం. అంతే. డిస్క్ తిరిగింది. లేజర్ పాతదే, ఇప్పటికీ అదే.

పెట్టాం అన్నాను కదా, ఆ టంకం పెట్టిన చేయి నాది కాదు. రేడియోలు బాగుచేసే పెద్దాయన ఒకరు, కళ్లు సరిగా కనపడకపోయినా చేయి వణకదు. ఆయన తర్వాత ఆ పని ఎవరికి వస్తుంది? ఐటీఐ పిల్లలు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? చేయెత్తండి... ముగ్గురు ఉన్నారు. సంతోషం. నాయనా, మీరు వెళ్లేముందు నాతో మాట్లాడండి. ఆయన దగ్గరికి నేనే తీసుకెళ్తాను.

మళ్లీ చెప్తున్నాను, అందరూ రాసుకోండి. ప్లగ్గు పీకకుండా మూత తీయొద్దు. పీకాక కూడా కాసేపు ఆగండి, కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. లేజర్ పక్కన చిన్న స్క్రూ కనిపిస్తుంది, దాన్ని తిప్పొద్దు, పవర్ ఎక్కువైతే నిజంగానే లేజర్ పోతుంది. వెలిగే లెన్సులోకి కన్ను పెట్టి చూడొద్దు. ఆ కాంతి తరంగం పొడవు 780 నానోమీటర్లు, కంటికి సరిగా కనపడదు కాబట్టే ప్రమాదం. డిస్క్ తుడిచేటప్పుడు గుండ్రంగా తుడవొద్దు, మధ్య నుంచి అంచుకు తుడవండి. అడ్డగీత రెండు మిల్లీమీటర్లున్నా ప్లేయర్ లెక్కకట్టి సరిచేసుకుంటుంది, దారి పొడుగునా పడిన గీతను సరిచేసుకోలేదు. పేరు రాసిన వైపు గీతలు పడితే ఇంకా నష్టం, పాట ఉన్న పొర ఆ వైపే పైన ఉంది.

స్పీకర్ల గురించి చెప్పాల్సింది అలాగే ఉండిపోయింది, అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. ఒక్క మాట చెప్తాను. ప్లేయర్‌ను అల్మారాలో ఇరికించకండి, గాలి ఆడాలి. నేను దీన్ని కడప బండ మీద పెట్టాను, అదురు లేదు.

స్టూడియోల్లో, కంప్యూటర్లలో రాయించిన డిస్కుల మీద ఉండేది రంగు పొర. ఎండకు, వేడికి అది పాడవుతుంది. కంపెనీ సీడీల్లా దశాబ్దాలు ఆగుతుందని నమ్మకండి. మా నాయన పద్యాలను ఈ ప్లేయర్ వెనకున్న డిజిటల్ అవుట్‌పుట్ నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించి, మూడు ఇళ్లలో దాచాం. మీ ఇళ్లలోనూ పెళ్లి నాదస్వరమో, జేజి పాడిన మంగళహారతో, ఊరి చెక్కభజనో ఏదో ఒక డిస్క్‌లో ఉంటుంది. ఈ వేసవి రాకముందే బయటికి తీయండి. ప్లేయర్ లేకపోతే మా ఇంటికి తెండి, ఎక్కించి ఇస్తాను, రూపాయి వద్దు.

స్క్రూడ్రైవర్ తెచ్చాను. ఇప్పుడే మూత విప్పి లోపల చూపిస్తాను. ముందు ఆ ఐటీఐ పిల్లల్ని దగ్గరికి రానివ్వండి.