ఐదు షిల్లింగులు: ‘మేరీ బార్టన్’ నవల రివ్యూ

నమస్తే అండీ. ఈరోజు పుస్తకం 1848లో వచ్చిన ఇంగ్లిష్ నవల ‘మేరీ బార్టన్’. రాసినావిడ ఎలిజబెత్ గాస్కెల్. కథంతా చెప్పను, ముందు ఒక కోటు గురించి చెప్తాను.

జాన్ బార్టన్ అని మాంచెస్టర్‌లో ఒక మిల్లు కార్మికుడు. అతని ఆస్తల్లా ఒక మంచి కోటు, ఎరుపూ పసుపూ కలిసిన సిల్కు చేతిరుమాలు. డావెన్‌పోర్ట్ అనే ఇంకో కార్మికుడు జ్వరంతో పడి ఉన్నాడనీ, ఇంట్లో పిల్లలు పస్తులున్నారనీ తెలిసి, ఆ రెండూ తీసుకెళ్లి తాకట్టు పెడతాడు. ఐదు షిల్లింగులొస్తాయి. రొట్టె, మాంసం, కొవ్వొత్తులు, బొగ్గు కొనుక్కుని వాళ్లింటికి పోతాడు. ఇల్లంటే నేలమాళిగ. పగిలిన కిటికీ అద్దాల్లో పాతగుడ్డలు కుక్కి ఉంటాయి. మురుగు ఊరే ఇటుక నేల మీద పిల్లలు దొర్లుతుంటారు.

ఇంత కష్టం ఎందుకొచ్చింది? మిల్లు తగలబడింది. ఓనరు కార్సన్‌కి పెద్దగా నష్టమేం లేదు, ఇన్సూరెన్స్ ఉంది, ఎలాగూ పాత యంత్రాలే. కూలి ఆగింది మాత్రం పనివాళ్లకి.

మర్నాడు విల్సన్ అనే స్నేహితుడు ఆసుపత్రికి సిఫార్సు చీటీ కోసం కార్సన్ ఇంటికి వెళ్తాడు. అక్కడ టిఫిన్ల వేళ. డావెన్‌పోర్ట్ ఎవరో కార్సన్‌కి తెలీదు. మీ మిల్లులో మూడేళ్లకు పైగా పనిచేశాడంటే, పనివాళ్ల పేర్లు తెలుసుకోవడం తన పని కాదంటాడు. ఆసుపత్రిలో చేర్చుకునే చీటీ ఇవ్వడు, సోమవారం వెళ్లి చూపించుకోమని బయటి రోగుల చీటీ ఇస్తాడు. కొడుకు హ్యారీ టిఫిన్ ముగించి, పోతూపోతూ జేబులోంచి డబ్బులు తీసి విల్సన్ చేతిలో పెడతాడు. ఎంతో తెలుసా? ఐదు షిల్లింగులే!

అంతకు కొన్ని పేజీల ముందే కోటు తాకట్టు పెడితే వచ్చినవీ ఐదే. ఈ పోలికను గాస్కెల్ ఎక్కడా వేలుపెట్టి చూపించదు. నేనూ మొదటిసారి చదివినప్పుడు గమనించలేదు, రెండోసారి వెనక్కి తిప్పి చూసుకున్నాను. డావెన్‌పోర్ట్ సోమవారం దాకా బతకడు.

ఆవిడకి ఇదంతా ఎలా తెలుసంటే, భర్త మాంచెస్టర్‌లో మతబోధకుడు, ఆ పేదల మధ్య తిరిగిన మనిషి ఆవిడ. 1845లో పసివాడైన కొడుకు స్కార్లెట్ ఫీవర్‌తో పోతే, ఆ దుఃఖంలో ఈ నవల మొదలుపెట్టింది. నవల్లో బార్టన్ కొడుకు టామ్‌కీ అదే జబ్బు. బలమైన తిండి పెట్టమంటాడు డాక్టరు. పనిపోయిన తండ్రి అంగడి ముందు నిలబడి అద్దంలోంచి చూస్తుంటాడు. తను పనిచేసిన మిల్లుని మూసేసిన ఇంకో ఓనరు భార్య పార్టీ సామాన్లతో బయటికొచ్చి బండెక్కి వెళ్లిపోతుంది. అతను ఇంటికెళ్లేసరికి పిల్లాడు లేడు. తన కడుపుకోతని ఆవిడ పేదతండ్రికి ఇచ్చిందనిపించింది నాకు.

1839లో 12 లక్షలకు పైగా సంతకాలతో కార్మికులు పార్లమెంటుకి ఓటుహక్కు కోసం అర్జీ పెట్టుకున్నారు, సభ తోసిపుచ్చింది. ఇది చరిత్ర. ఆ అర్జీతో లండన్ వెళ్లినవాళ్లలో బార్టన్‌ని కూడా పెట్టింది రచయిత్రి. తిరిగొచ్చాక అతను పాత బార్టన్ కాడు. తర్వాత సమ్మె వస్తుంది. చర్చలకొచ్చిన కార్మికుల చిరుగుబట్టల్ని వెక్కిరిస్తూ హ్యారీ ఒక బొమ్మ గీస్తాడు. అదే కాగితం చింపి కార్మికులు చీట్లు వేసుకుంటారు, అతన్ని ఎవరు చంపాలా అని. చీటీ ఎవరికొచ్చిందో చెప్పను.

నాకు నచ్చనిది కూడా చెప్పాలి. రెండో సగంలో నవల కోర్టు కేసూ, ప్రేమకథా అయిపోతుంది. బార్టన్ కూతురు మేరీ పరుగులు ఉత్కంఠగానే ఉంటాయి, కానీ బార్టన్ చాలా పేజీలు మాయం. నిజానికి ఆవిడ పెట్టాలనుకున్న పేరు ‘జాన్ బార్టన్’, ప్రచురణకర్తల మాట మీద కూతురి పేరు వచ్చింది. చివర్లో ప్రేమికుల్ని కెనడా పంపేయడం మరీ తేలిక దారి. మాంచెస్టర్ మాంచెస్టర్‌లాగే ఉంటుంది మరి!

ఇంకో మాట. మన దగ్గర చేనేత మగ్గాల్ని మూలపడేసిన మిల్లు గుడ్డలో పెద్ద వాటా ఆ ప్రాంతానిదే. ఇక్కడ నేసేవాడికీ కూడు పోయింది, అక్కడ మిల్లులో చేసేవాడికీ కడుపు నిండలేదు. నవల్లో ఈ సంగతి లేదు, చదువుతుంటే నాకు తోచింది.

కాపీరైట్ తీరిపోయింది కాబట్టి ఆన్‌లైన్‌లో ఫ్రీగా దొరుకుతుంది. కార్మికుల మాటలు మాంచెస్టర్ ఉన్న లాంకషైర్ ప్రాంతపు యాసలో ఉంటాయి, మొదట్లో కాస్త ఇబ్బందే. అంత ఓపిక లేకపోతే ఆరో అధ్యాయం ఒక్కటి చదవండి. అందులో కార్సన్ ఇంటి వంటమనిషిని చూడండి. విల్సన్ మొహం పాలిపోయి ఉందని ఆ ఇంట్లో గమనించింది ఆవిడే. అతను పై గదిలోంచి వచ్చేసరికి రొట్టె, మాంసం చేతికి సిద్ధంగా పెట్టుకుని ఉంటుంది.