బుల్లెట్ రైలు వచ్చాక మన ప్యాసింజర్ ఏమవుతుంది?

తమ్ముడు: అందరికీ నమస్తే. ఈ వారం రైళ్ల ముచ్చట. అక్కా, మొన్న ఫోన్‌లో చెప్పావు చూడు, ఆ ప్రయాణం సంగతి, దాంతోనే మొదలుపెడదాం.

అక్క: ఏలూరు దాటాం, తాడేపల్లిగూడెం ఇంకా రాలేదు. మా ప్యాసింజర్‌ని ఒక చిన్న స్టేషన్‌లో లూప్ లైన్‌లో పెట్టేశారు. ముందు ఒక సూపర్‌ఫాస్ట్ పోయింది, తర్వాత వందే భారత్ పోయింది, మాకు మాత్రం సిగ్నల్ పడలేదు. నా ఎదుటి సీట్లో ఒక పెద్దాయన, కాళ్ల దగ్గర రెండు గంపల పూలు, పైన తడిగుడ్డ. కాసేపటికోసారి బాటిల్ మూతతో నీళ్లు పోసి ఆ గుడ్డ మీద చిలకరిస్తూనే ఉన్నాడు. ఆయనకు బేరం పోయే టైమని మొహంలోనే తెలిసిపోతోంది.

తమ్ముడు: ఇలాంటిది చూసినప్పుడే, వేగం బండ్లకు వేరే లైన్ వేసేస్తే పాత లైన్ ఖాళీ అవుతుంది కదా, ప్యాసింజర్లకు దారి దొరుకుతుంది కదా అనిపిస్తుంది. ఆ మాట తప్పేం కాదు. జపాన్‌లో టోక్యో-ఒసాకా షింకాన్‌సెన్, అంటే వాళ్ల బుల్లెట్ రైలు, 1964 అక్టోబర్ 1న మొదలైంది. పక్కనే ఉన్న పాత టోకైడో లైన్‌ని తీసేయలేదు, దాని మీద గూడ్సు బండ్లు, లోకల్స్ ఇవాళ్టికీ తిరుగుతూనే ఉన్నాయి.

అక్క: ఆ దారి పొడుగునా పెద్ద ఊళ్లే కదరా. జనం తక్కువ ఉన్న చోట ఏం చేశారు?

తమ్ముడు: అక్కడికే వస్తున్నా. 1987లో జపాన్ ప్రభుత్వ రైల్వేని ముక్కలు చేసి జేఆర్ కంపెనీలుగా మార్చారు. తర్వాత 1990లో ప్రభుత్వం, అధికార పార్టీ కలిసి ఒక మాట మీదికి వచ్చాయి: కొత్త షింకాన్‌సెన్ తెరిచిన రోజు నుంచి, దాని పక్కన నడిచే పాత లైన్‌ని జేఆర్ వదిలేసుకోవచ్చు. లాభం వచ్చే కొత్త లైన్ కంపెనీకి, నష్టం వచ్చే పాత లైన్ ఆ ఊళ్లకి. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

అక్క: ఊళ్లు ఒప్పుకున్నాయా మరి?

తమ్ముడు: ఒప్పుకుంటేనే షింకాన్‌సెన్ పని మొదలయ్యేది. ఇక ఏ ఊరు కాదంటుంది? నాగనో లైన్ చూడు. 1997 అక్టోబర్ 1న నాగనోకి షింకాన్‌సెన్ వచ్చింది, అదే రోజు నుంచి యొకొకవా, కరుయిజవా మధ్య పాత లైన్ లేదు. మొత్తం 11.2 కిలోమీటర్లే. ఉసుయి కనుమ, 15 మీటర్లు పోతే ఒక మీటరు ఎక్కే వాలు. ఆ వాలు ఎక్కాలంటే ప్రతి బండికీ యొకొకవాలో ఇంకో రెండు ఇంజిన్లు తగిలించాలి, కాబట్టి ప్రతి ఎక్స్‌ప్రెస్సూ అక్కడ ఆగాల్సిందే. ఆ కాసేపట్లో ప్లాట్‌ఫారం మీద చిన్న మట్టికుండల్లో వేడివేడి అన్నం అమ్మేవాళ్లు. కోడిమాంసం, పుట్టగొడుగులు, పిట్టగుడ్డు, అన్నీ ఆ కుండలోనే. 1958 నుంచి ఉంది ఆ కుండ భోజనం. బండి కదిలేటప్పుడు అమ్మేవాళ్లు వరసగా నిలబడి నడుం వంచి దణ్ణం పెట్టేవాళ్లు.

అక్క: ఇప్పుడో?

తమ్ముడు: ఆ కుండ భోజనం ఇంకా దొరుకుతుంది. పట్టాలే యొకొకవాతో ఆగిపోయాయి. తకసాకి నుంచి లోకల్ వస్తుంది, మళ్లీ వెనక్కి పోతుంది. కొండ ఎక్కాలంటే బస్సే. కనుమ అవతల మిగిలిన లైన్‌ని షినానో రైల్వే అని స్థానిక కంపెనీ పెట్టి నడుపుతున్నారు.

అక్క: అంటే ఆ జిల్లాలే డబ్బు పెట్టుకోవాలి.

తమ్ముడు: అవును. అలాంటివి ఇప్పుడు చాలా ఉన్నాయి. 2004లో దక్షిణాన క్యుషూ దీవిలో షింకాన్‌సెన్ రాగానే యత్సుషిరో నుంచి సెందాయి దాకా పాత లైన్ హిసత్సు ఆరెంజ్ రైల్వే చేతికి వచ్చింది. ఇది క్యుషూలోని సెందాయిలే, ఉత్తరాన ఉన్న పెద్ద సిటీ కాదు. అక్కడ నెత్తిన కరెంటు తీగలున్నాయి, కింద నడిచేది మాత్రం ఒక్క బోగీ డీజిల్ బండి, ఎందుకంటే వాళ్లకు అదే చవక. ఆ తీగలు గూడ్సు బండ్ల కోసం. ఇంకో చికాకు చార్జీలది. లైన్ రెండు కంపెనీల మధ్య తెగితే, పక్క ఊరికి వెళ్లేవాడు కనీస చార్జీ రెండుసార్లు కట్టాలి.

అక్క: కాలేజీ పిల్లల పాసుల మీద పడుతుంది ఆ దెబ్బ.

తమ్ముడు: 2022లో నాగసాకి వైపు 66 కిలోమీటర్ల షింకాన్‌సెన్ వచ్చింది. దాని దారిలో లేని కషిమా అనే ఊరు చాలా ఏళ్లు ఎదురు తిరిగింది. చివరికి పాత లైన్ పట్టాలు రెండు జిల్లాల ప్రభుత్వాలు తీసుకుని, బండ్లు మాత్రం 23 ఏళ్లు జేఆరే నడపాలని ఒప్పందం రాసుకున్నారు. కనీసం లోకల్ బండ్లకు ఒక భరోసా. కానీ కషిమాలో ఆగే ఎక్స్‌ప్రెస్సులు బాగా తగ్గిపోయాయి, లైన్‌లో కొంత మేర కరెంటు కూడా తీసేశారు.

అక్క: ఉత్తరాన హొక్కైడో దీవిలో అయితే ఇంకా ఘోరం అని చదివాను.

తమ్ముడు: సప్పోరోకి షింకాన్‌సెన్ వస్తుందని, ఒషమాంబె నుంచి ఒతరు దాకా 140 కిలోమీటర్ల కొండ లైన్ మొత్తం తీసేసి బస్సులు వేస్తామని 2022లో తేల్చారు. అందులో యొయిచి-ఒతరు ముక్కలో జనం బాగానే ఎక్కుతారు, అయినా వదల్లేదు. తీరా చూస్తే బస్సు డ్రైవర్లు దొరకట్లేదు. షింకాన్‌సెన్ కూడా ముందు చెప్పిన 2030కి రావట్లేదు, 2038 చివరి మాట చెబుతున్నారు.

అక్క: ఇదంతా మనకెందుకు అంటారు కొందరు. 2026 బడ్జెట్‌లో 7 హైస్పీడ్ కారిడార్లు ప్రకటించారు, అందులో మూడు హైదరాబాద్‌వే: పుణె, బెంగళూరు, చెన్నై. సంతోషమే, నేను వద్దనట్లేదు. కానీ ఇప్పుడు బెంగళూరు వెళ్లే బండి కర్నూలు, డోన్, గుత్తి, అనంతపురం మీదుగా పోతుంది. రేపు డబ్బున్న ప్యాసింజర్లంతా కొత్త లైన్‌కి పోతే డోన్‌లో ఆగే బండ్లు ఎన్ని మిగులుతాయి?

తమ్ముడు: పైగా గేజ్ వేరు, అంటే రెండు పట్టాల మధ్య వెడల్పు వేరు. ముంబయి-అహ్మదాబాద్ 508 కిలోమీటర్లు స్టాండర్డ్ గేజ్‌లో కడుతున్నారు, మన పాత లైన్లు బ్రాడ్ గేజ్. ఫ్రాన్స్‌లో వాళ్ల హైస్పీడ్ రైలు టీజీవీ వేగం లైన్ దిగి పాత పట్టాల మీద చిన్న ఊళ్ల దాకా పోతుంది. స్టాండర్డ్ గేజ్ బండి మన గుత్తికి ఎలా వస్తుంది? రాదు. కొత్త స్టేషన్ ఊరి బయట పెడితే పాత స్టేషన్ నుంచి అక్కడికి ఏం నడుపుతారు, ఆ టికెట్ ఎంత? ప్రాజెక్ట్ రిపోర్ట్‌లో ఇవి ఉండాలి. లైన్ తెరిచాక అడిగితే ఎవరూ వినరు.

అక్క: కరోనా తర్వాత చూశాంగా. ప్యాసింజర్లను ఎక్స్‌ప్రెస్ పేరుతో నడిపి 10 రూపాయల టికెట్ 30 చేశారు, 2024 ఫిబ్రవరిలో గానీ మళ్లీ దిగలేదు. చార్జీ దిగింది సరే, కొన్ని స్టేషన్లకు హాల్టులు తిరిగి రాలేదు. ఎవరూ మూసేస్తున్నాం అని చెప్పలేదు, టైంటేబుల్‌లో ఆ ఊరి పేరు లేదంతే.

తమ్ముడు: వినేవాళ్లందరికీ ఒక మాట. మీ ఊరి స్టేషన్‌లో 2019లో ఏ బండ్లు ఆగేవి, ఇప్పుడేవి ఆగుతున్నాయి, వాయిస్ మెసేజ్ పెట్టండి.

అక్క: ఇంట్లో పాత టైంటేబుల్ పుస్తకం ఉంటే పారేయకండి, మీ స్టేషన్ ఉన్న పేజీ ఫోటో తీసి పంపండి. వచ్చే వారం వాటిని ముందర పెట్టుకుని, కర్నూలు నుంచి ధర్మవరం దాకా ఒక్కో స్టేషన్ చూసుకుంటూ వెళ్దాం.