హారన్ మోగట్లేదా? ఈ కిట్ కొనేముందు ఒక బల్బు వెలిగించి చూడండి

హాయ్ అండీ, డబ్బా చూశారుగా, రెండు విండ్‌టోన్ హారన్లు (నత్తగుల్లలా చుట్ట తిరిగి ఉండేవి), ఒక రిలే (బటన్ నుంచి వచ్చే చిన్న కరెంటుతో హారన్‌కి పెద్ద కరెంటు వదిలే స్విచ్), రెడీమేడ్ వైరింగ్, కంపెనీ వాళ్ళు ఫ్రీగా పంపారు, డబ్బులేమీ ఇవ్వలేదు, కాబట్టి నాకేమనిపిస్తే అదే చెప్తా. డెసిబెల్స్, హెర్ట్జ్ అన్నీ ఆన్‌లైన్‌లో చూసే ఉంటారు, వాటి జోలికి పోను.

నాకు మండింది ఒక్కచోట. డబ్బా మీద ఇంత లావు అక్షరాలతో "హారన్ పనిచేయట్లేదా? ఇది బిగించండి" అని రాశారు. ఎలాగండీ బిగించేది? ఈ కిట్‌లో రిలేని లేపాల్సింది మీ కారు పాత హారన్ వైరే కదా. రిలే కింద పిన్నులకి నంబర్లుంటాయి, 86కి పాత వైరు, 85కి ఎర్త్, 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజ్ మీదుగా లైను, 87 నుంచి హారన్లకి. పాత కప్లర్‌లో, అంటే హారన్‌కి గుచ్చే ప్లగ్‌లో, రెండు పిన్నులుంటే ఆ రెండూ 85, 86లకే వెళ్తాయి. ఆ పాత వైరులోకి కరెంటే రాకపోతే ఎంత ఖరీదైన హారన్ పెట్టినా మోగదు.

అందుకే కిట్ పక్కన పెట్టి ముందు ఇది చేయండి. బానెట్ ఎత్తండి, ఇంకొకర్ని లోపల కూర్చోబెట్టి హారన్ నొక్కమనండి, మీరు కారు రిలే బాక్స్ దగ్గర చెవి పెట్టండి. టిక్ మని వినిపించిందా, స్టీరింగ్ వైపు అంతా బానే ఉంది, తేడా రిలే తర్వాతే, అంటే రిలే పాయింట్లో, వైర్లో, హారన్లో, ఎర్త్‌లో ఎక్కడో ఉంది. టిక్ రాకపోతే ఫ్యూజ్ చూడండి. పోయిన ఫ్యూజ్ స్థానంలో అదే ఆంప్స్‌ది వేయండి, ఎర్రది 10, నీలంది 15, పసుపుది 20, "మళ్ళీ మళ్ళీ పోతోంది అన్నా" అని పెద్దది వేశారంటే ఫ్యూజ్ బదులు వైరు కాలుద్ది, బండి కూడా కాలొచ్చు. ఫ్యూజ్ బానే ఉంటే పక్కనున్న అదే రకం రిలే తీసి ఇక్కడ పెట్టి చూడండి, పైసా ఖర్చు లేదు.

అయినా టిక్ లేదు, పైగా డ్యాష్‌లో ఎయిర్‌బ్యాగ్ లైటు కూడా వెలిగి ఉందా? మా బాబాయ్ కారుకి అచ్చం ఇదే. స్టీరింగ్ వెనక క్లాక్ స్ప్రింగ్ అని రిబ్బన్ లాంటి కేబుల్ చుట్ట ఉంటుంది, స్టీరింగ్ తిరిగినా హారన్‌కీ ఎయిర్‌బ్యాగ్‌కీ కనెక్షన్ తెగకుండా చూసేది అదే. అది తెగితే రెండూ ఒకేసారి పోవచ్చు. బాబాయేమో కొత్త హారన్ కొనుక్కొచ్చి నా చేతిలో పెట్టాడు! ఈ పని మాత్రం ఇంట్లో చేయొద్దు, ఎయిర్‌బ్యాగ్ విప్పాలి, తెలిసిన మెకానిక్‌కే ఇవ్వండి.

సరే, కిట్‌లో నాకు పిచ్చపిచ్చగా నచ్చింది, హారన్లు కాదు, ఎర్త్ వైరు. నవ్వకండి. చాలా కార్లలో హారన్‌కి ఒక్క వైరే వస్తుంది, ఎర్త్ అంతా బ్రాకెట్ బోల్టు ద్వారా బాడీకే. బంపర్ వెనక నీళ్ళు, బురద, మా విజయవాడ లాంటి ఊళ్ళో ఒక్క వర్షాకాలం గడిచిందంటే ఆ బోల్టు కింద తుప్పే. ఒకసారి మోగుద్ది, ఒకసారి కీచుమంటుంది, ఇంకోసారి అసలు పలకదు, జనం హారన్ పోయిందనుకుని మార్చేస్తారు, కొత్తది బిగించేటప్పుడు బోల్టు గీకుతారు కాబట్టి అది మోగుద్ది, చూశావా హారనే పోయింది అంటారు! ఈ కిట్‌లో ఎర్త్ విడిగా, లావు వైరుతో, చివర రింగ్ టెర్మినల్‌తో నేరుగా బ్యాటరీ నెగటివ్ దాకా ఇచ్చారు. ఇంతకుముందు నేను వాడిన సెట్లో ఎర్త్‌కి జానెడు వైరు, బాడీకి ఎక్కడో ఒకచోట స్క్రూ కొట్టుకోమని వదిలేశారు.

మీ ఎర్త్ ఎలా ఉందో తెలియాలంటే మల్టీమీటర్ డీసీ 20 వోల్ట్స్‌లో పెట్టి, ఒక ప్రోబ్ బ్యాటరీ నెగటివ్‌కి, ఇంకోటి హారన్ బాడీకి ఆనించి హారన్ నొక్కమనండి. సున్నాకి దగ్గర్లో ఉండాలి. రెండు మూడు వోల్ట్స్ చూపిస్తే బోల్టు విప్పి శాండ్‌పేపర్ కొట్టండి. ఇంకోటి, కప్లర్ ఊడదీసి మీటర్ పెడితే 12 చూపించిందని మురిసిపోకండి, సగం తెగిన వైరు కూడా లోడ్ లేకపోతే 12 చూపిస్తుంది. ఆ కప్లర్‌కే హారన్ బదులు 21 వాట్ల ఇండికేటర్ బల్బు తగిలించి హారన్ నొక్కండి, భగ్గున వెలగాలి.

సౌండ్ సంగతంటారా, బాగుంది, గుండ్రంగా ఉంది, హైవే మీద లారీ వాడికి వినపడుతుంది. బిగించేటప్పుడు మూతి కిందకి ఉండేలా చూడండి, లేకపోతే నీళ్ళు నిండిపోతాయి. బ్రాకెట్ రేకు మాత్రం పల్చన, వణుకుతోంది. కామెంట్లలో ప్రెషర్ హారన్ రివ్యూ అడిగే తమ్ముళ్ళూ, అది చేయను, మోటారు వాహనాల రూల్స్ 119 ఒప్పుకోదు.

అయితే కొనాలా? బల్బు వెలిగి, మీ పాత హారన్ నిజంగానే పోయుంటే కొనండి, నేనైతే ఆ వైరింగ్ కోసమే డబ్బులు పెట్టి మరీ కొంటా. బల్బు వెలగలేదా, ఈ డబ్బా మీ కారుకి దండగ. కంపెనీ వాళ్ళు ఈ వీడియో చూస్తుంటే, ఆ లావు అక్షరాల లైను పీకేయండి, అది ఉన్నంతకాలం నా దగ్గర ఐదుకి మూడే.