టైమ్ సిరీస్‌లను పేర్చి గీయడం: చిక్కంతా స్కేలు దగ్గరే

అందరికీ నమస్కారం. చేతిలో నాలుగైదు టైమ్ సిరీస్‌లు (కాలక్రమంలో వచ్చే అంకెల వరసలు) ఉన్నాయి, అన్నీ ఒకే గ్రాఫ్‌లో గీస్తే చిక్కుపడ్డ దారపుండలా వస్తోంది, ఏం చేయాలి? ప్రాజెక్ట్ రిపోర్టులు రాసేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. పేర్చి గీయండి అని చెప్పేయడం తేలికే. కానీ పేర్చడం రెండు రకాలు. ఒకటి, ఒక్కో సిరీస్‌కీ ఒక్కో ప్యానెల్ (చిన్న గ్రాఫ్ గడి) ఇచ్చి ఒకదాని కింద ఒకటి పెట్టడం. రెండోది, ఒకదాని విలువ మీద ఇంకోదాన్ని కూడుకుంటూ పోవడం. ఏది చేసినా స్కేలు (ఎంత ఎత్తుకి ఎంత విలువ అన్నది) చూసుకోకపోతే గ్రాఫ్ వేరే కథ చెబుతుంది.

డేటా కోసం ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. ఆర్ (గణాంకాల పనికి వాడే ప్రోగ్రామింగ్ భాష) ఉన్న ప్రతి కంప్యూటర్‌లోనూ ఎల్‌డెత్స్, ఎమ్‌డెత్స్, ఎఫ్‌డెత్స్ అని మూడు సిరీస్‌లు ఉంటాయి. బ్రిటన్‌లో 1974 నుంచి 1979 దాకా బ్రాంకైటిస్, ఎంఫిసిమా, ఆస్తమాలతో నెలనెలా చనిపోయినవాళ్ల లెక్క అది. ఎమ్ మగవాళ్లు, ఎఫ్ ఆడవాళ్లు, ఎల్ ఇద్దరూ కలిపి. మొత్తం 72 నెలలు. ఊపిరితిత్తుల జబ్బులు కదా, చలికాలం రాగానే గీత లేస్తుంది, ఎండలు రాగానే దిగుతుంది. 1976 ఫిబ్రవరి చూడండి: మగవాళ్లు 2750, ఆడవాళ్లు 1141, మొత్తం 3891. అదే ఏడాది ఆగస్టులో 970, 330, మొత్తం 1300. ఈ అంకెలు ఒక కాగితం మీద రాసుకోండి, ఇవాళంతా వీటితోనే పని.

సిరీస్‌లను పక్కపక్కన చేర్చే సీబైండ్ ఫంక్షన్‌తో మూడింటినీ కలిపి, దాన్ని గ్రాఫ్ గీసే ప్లాట్ ఫంక్షన్‌కి ఇవ్వండి. చూశారా, మూడు ప్యానెళ్లు, కింద టైమ్ యాక్సిస్ ఒక్కటే. ఏ చలికాలానికి ఆ చలికాలం నిలువుగా ఒకే వరసలోకి వచ్చింది. మూడూ తేదీలు వెంట ఉన్న టైమ్ సిరీస్ ఆబ్జెక్టులు కాబట్టే ఇంత సులువుగా అయింది. వీటిని డేటా ఫ్రేమ్‌లోకి (మామూలు పట్టికలోకి) మార్చి ప్లాట్ అన్నారనుకోండి, ప్రతి కాలమ్‌నీ మిగతా కాలమ్‌లతో జతకట్టిన స్కాటర్ ప్లాట్ల గళ్లు వస్తాయి. కొత్తవాళ్లకి ఆర్ పాడైపోయిందేమోనని టెన్షన్. ఏమీ కాలేదు, టీఎస్ ఫంక్షన్‌లో స్టార్ట్ 1974, ఫ్రీక్వెన్సీ 12 అని చెప్పండి, దారికొస్తుంది.

టైమ్ సిరీస్ ఇచ్చినప్పుడు ప్లాట్ వెనక ఉండి ఈ పని చేసేది ప్లాట్ డాట్ టీఎస్. నాలుగు సిరీస్‌ల దాకా ఒకే నిలువు వరసలో పెడుతుంది. అయిదోది వచ్చిందంటే రెండు వరసలు చేస్తుంది. అలా వద్దనుకుంటే ఎన్‌సీ అన్నచోట 1 ఇవ్వండి. 10 దాటితే మాత్రం ససేమిరా అంటుంది. ప్యానెళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి గనక పక్కన అంకెలు ఒకదాన్నొకటి తొక్కుకుంటుంటే, వై యాక్స్ డాట్ ఫ్లిప్‌ని ట్రూ చేయండి. ఒక ప్యానెల్ అంకెలు ఎడమకి, తర్వాతి దానివి కుడికి వెళ్తాయి.

ఇప్పుడు అంకెలు చూడకుండా గీతల్ని మాత్రమే చూసి చెప్పండి. మగవాళ్ల మరణాలు ఎక్కువా, ఆడవాళ్లవా? చెప్పలేరు. 2750 దాకా లేచిన గీత, 1141 దాకా లేచిన గీత ఒకే ఎత్తులో ఉన్నాయి. ఎందుకంటే ప్లాట్ డాట్ టీఎస్ ఏ ప్యానెల్‌కి ఆ ప్యానెల్ కనిష్ఠ, గరిష్ఠాలు చూసుకుని విడివిడిగా స్కేలు వేస్తుంది. ఎప్పుడు లేచింది, ఎప్పుడు దిగింది అన్నది తెలుసుకోవడానికి ఈ గ్రాఫ్ బ్రహ్మాండం. ఎంత అన్నదానికి పనికిరాదు.

సరే, ఆర్‌లోనే గ్రాఫ్‌లు గీసే ఇంకో ప్యాకేజీ జీజీప్లాట్‌కి వెళ్దాం. పివట్ లాంగర్‌తో డేటాని నిలువుగా మార్చి, ప్యానెళ్లుగా విడగొట్టే ఫేసెట్ ర్యాప్‌లో ఎన్‌కాల్ 1 అనండి. ఇది అడక్కపోయినా అన్ని ప్యానెళ్లకీ ఒకే స్కేలు వేస్తుంది. ఎవరివి ఎక్కువో ఇప్పుడు ఒక్క చూపులో తెలుస్తోంది. కానీ ఆడవాళ్ల గీత అడుగున అణిగిపోయింది, దాని ఎగుడుదిగుళ్లు సరిగ్గా కనబడవు. అప్పుడు చాలామంది చేసే పని, స్కేల్స్ ఈక్వల్స్ ఫ్రీ వై అని ఏ ప్యానెల్‌కి ఆ స్కేలు ఇచ్చేయడం. అంటే మళ్లీ మొదటికి.

ఈ రెంటికీ మధ్య ఒక దారి ఆర్‌లోని లాటిస్ ప్యాకేజీలో ఉంది. రాసింది మన ఢిల్లీ ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న దీపయన్ సర్కార్. అందులో ఎక్స్‌వైప్లాట్‌కి స్కేల్స్ చెప్పేటప్పుడు సేమ్ (అన్నిటికీ ఒకటే), ఫ్రీ (దేనికది) అనేవాటితో పాటు స్లైస్డ్ అని మూడోది ఉంటుంది. దీన్ని వాడేవాళ్లు అరుదు, నాకైతే మూడింట్లో ఇదే ఇష్టం. స్లైస్డ్ అంటే అన్ని ప్యానెళ్లలోనూ ఒక సెంటీమీటరుకి అన్నే యూనిట్లు, కానీ మొదలయ్యే చోటు దేనికది. ఒకటి 300 దగ్గర మొదలవ్వచ్చు, ఇంకోటి 900 దగ్గర. 100 మరణాల పెరుగుదల మాత్రం ఎక్కడైనా అంతే ఎత్తు.

దీనికి లాగ్ (లాగరిథమ్) కలపండి, అప్పుడు చూడండి అసలు సంగతి. సీబైండ్ చేసినదాన్ని లాగ్‌లో పెట్టి, స్లైస్డ్‌తో గీయండి. లాగ్‌లో అంతే ఎత్తు పెరిగిందంటే అన్నే రెట్లు పెరిగిందని. ఇప్పుడు ఆడవాళ్ల ప్యానెల్‌లోనే ఊపు ఎక్కువ! ఇందాక రాసుకున్న అంకెలు తీయండి. ఆగస్టుతో పోలిస్తే ఫిబ్రవరిలో మగవాళ్ల మరణాలు సుమారు 2.8 రెట్లు, ఆడవాళ్లవి సుమారు 3.5 రెట్లు. అదొక్క ఏడాది కథేమో అంటారా? 1974లో జనవరిని ఆగస్టుతో పోల్చండి: మగవాళ్లు 2134కి 1131, ఆడవాళ్లు 901కి 393. 1.9 రెట్లు ఒకవైపు, 2.3 రెట్లు ఇంకోవైపు. ఫ్రీ స్కేలులో ఇద్దరూ ఒకేలా కనబడ్డారు, ఒకే స్కేలులో ఆడవాళ్లకి చలికాలం పెద్దగా లెక్కలేనట్టు కనబడింది. డేటా మారలేదు, ఒక్క అంకె కూడా.

ఇక రెండో రకం, కూడుకుంటూ పోవడం. జియోమ్ ఏరియా అంటే చాలు, జీజీప్లాట్ దానంతటదే పేరుస్తుంది. దీనికి ముందు మిమ్మల్ని మీరు అడగాల్సింది ఒక్కటే: ఈ సిరీస్‌లు కూడితే వచ్చేదానికి ఏమైనా అర్థం ఉందా? మగవాళ్లూ ఆడవాళ్లూ కలిస్తే మొత్తం, బాగానే ఉంది. ఆర్‌లోనే యూరోపు స్టాక్ మార్కెట్ సూచీల డేటా ఉంది, 1991 నుంచి 1998 దాకా జర్మనీ డాక్స్, స్విస్ ఎస్ఎమ్ఐ, ఫ్రాన్స్ కాక్, లండన్ ఫుట్సీ. డాక్స్ పాయింట్ల మీద ఫుట్సీ పాయింట్లు పేరిస్తే వచ్చే కొండకి పేరేం పెడతారు? అలాంటివాటికి ప్యానెళ్లే.

కూడే పటంలో ఎల్‌డెత్స్‌ని మరిచిపోయి లోపల ఉంచేయకండి. అది ముందే మొత్తం కదా. ఉంచితే 1976 ఫిబ్రవరి శిఖరం 3891 కాకుండా 7782కి పోతుంది, రంగులు అందంగా ఉంటాయి కాబట్టి ఎవరికీ అనుమానం కూడా రాదు.

ఏరియా పటంలో నమ్మకంగా చదవగలిగేవి రెండే, అడుగు పొర, పైనున్న మొత్తం అంచు. మధ్య పొరలకి నేల ఊగుతూ ఉంటుంది. పైగా నిటారుగా లేచే చోట పొర అసలు కంటే సన్నగా కనిపిస్తుంది, ఎందుకంటే కన్ను నిలువు దూరాన్ని కొలవదు, రెండు అంచుల మధ్య దగ్గరి దూరాన్ని కొలుస్తుంది. దీనికి పాత ఉదాహరణ ఒకటుంది, అదీ మన వైపుదే. 1786లో, గణాంక గ్రాఫ్‌లకి ఆద్యుడైన విలియం ప్లేఫేర్ ఇంగ్లండుకీ ఈస్ట్ ఇండీస్‌కీ (ఇండియా, దాని చుట్టుపక్కల దేశాలు) మధ్య జరిగిన వ్యాపారాన్ని గీశాడు, దిగుమతులకి ఒక గీత, ఎగుమతులకి ఒకటి. 1760 తర్వాత రెండూ ఏటవాలుగా లేస్తాయి, మధ్య తేడా పెద్దగా మారనట్టే ఉంటుంది. 1984లో గణాంక పరిశోధకులు విలియం క్లీవ్‌లండ్, రాబర్ట్ మెక్‌గిల్ ఆ తేడాని విడిగా గీసి చూపించారు. సరిగ్గా అక్కడే అది గబగబా మారిపోయింది! రెండు గీతలు చూసిన ఎవరికీ అది కనబడదు.

అందుకే మీరు దేని గురించి మాట్లాడబోతున్నారో దాన్ని అడుగున పెట్టండి. జీజీప్లాట్‌లో ఫ్యాక్టర్ లెవెల్స్‌లో (సిరీస్ పేర్ల వరసలో) చివరిది అడుక్కి వెళ్తుంది, కాబట్టి ఎఫ్‌డెత్స్‌ని చివర రాయండి. వాటా కావాలంటే పొజిషన్‌ని ఫిల్ చేయండి. ఆడవాళ్ల వాటా ఆ ఆగస్టులో సుమారు 25 శాతం, ఫిబ్రవరిలో 29. లాగ్ ప్యానెళ్లలో చూసినదే ఇక్కడ వాటాగా వచ్చింది.

పైథాన్ వాడేవాళ్లకి ఒక మాట. పాండాస్‌లో సబ్‌ప్లాట్స్ ట్రూ అంటే ప్యానెళ్లు. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో స్టాక్‌ప్లాట్ అంటే కూడేది. మ్యాట్‌ల్యాబ్ అనే వేరే సాఫ్ట్‌వేర్‌లో స్టాక్డ్‌ప్లాట్ అని ఉంది, అది మళ్లీ ప్యానెళ్లే.

ఇక ఎక్సెల్. లైన్ చార్ట్ బొమ్మల్లో మొదటిది మామూలు లైన్, పక్కనే స్టాక్డ్ లైన్. వేలు కాస్త పక్కకి పోతే చాలు. రంగు నింపదు కాబట్టి చూడ్డానికి మామూలు లైన్ చార్ట్‌లాగే ఉంటుంది, కానీ లోపల కూడేస్తుంది. మన డేటాలో ఎమ్‌డెత్స్ ముందు, ఎఫ్‌డెత్స్ తర్వాత ఉంటే ఆడవాళ్ల గీత 1976 ఫిబ్రవరిలో 1141 దగ్గర కాదు, 3891 దగ్గర ఉంటుంది. చదివేవాడు ఆడవాళ్లే ఎక్కువ చనిపోయారనుకుంటాడు. ఎవరైనా పంపిన ఎక్సెల్ గ్రాఫ్‌లో ఒక్క చోట కూడా గీతలు ఒకదాన్నొకటి దాటకపోతే, చార్ట్ మీద రైట్ క్లిక్ చేసి చేంజ్ చార్ట్ టైప్ తెరవండి. అక్కడ ఏది ఎంచుకున్నారో కనబడుతుంది.