ఒకే కాగితం మీద నలుగురు

శ్రోతలకు నమస్కారం. తొమ్మిదో తరగతిలో ‘మా ఊరి చెరువు’ అని వ్యాసం ఇస్తే, పిల్లలు ఫెయిర్ చేసిన కాగితాలే మాస్టారికి చేరతాయి. ఏ మాట కొట్టేశారో, ఏ వాక్యం దగ్గర ఆగిపోయారో వాటిలో తెలియదు. ఇంటర్నెట్‌లో చాలామంది కలిసి రాసుకునే గూగుల్ డాక్స్ లాంటి ఉమ్మడి పత్రంలో అదంతా కనబడుతుంది. అందుకే ఈ పద్ధతి మన తెలుగు పీరియడ్‌లోకి రావాలని గట్టిగా చెబుతున్నాం.

గూగుల్ డాక్స్‌లో ఒకేసారి 100 మంది దాకా రాయొచ్చు గానీ, బడిలో పత్రానికి నలుగురు చాలు. పదిమంది ఒకే పేరాలో చెయ్యి పెడితే ఎవరి వాక్యమూ నిలవదు. తూము, అలుగు, ఆయకట్టు, చేపలు అని నాలుగు ఉపశీర్షికలు టీచరే ముందుగా టైపు చేసి ఉంచి, తలా ఒకటి పంచాలి. 45 నిమిషాల పీరియడ్‌లో 10 నిమిషాలు విషయ సేకరణకు, 20 నిమిషాలు రాతకు, మిగతాది పక్కవాళ్ల భాగం దిద్దడానికి.

గొడవలన్నీ దిద్దేటప్పుడే వస్తాయి. పైన కుడివైపున్న పెన్సిల్ గుర్తు నొక్కి, ఎడిటింగ్ నుంచి సజెస్టింగ్‌కు మార్చమనండి. అప్పుడు పాత మాట చెరిగిపోదు. దాని మీద గీత పడి, కొత్త మాట రంగులో పక్కన చేరుతుంది. ఉంచాలో తీసెయ్యాలో రాసిన పిల్లే చూసుకుని టిక్ కొడుతుంది.

తెలుగు లాంటి లిపులకు ఉన్న చిక్కు ఇంకొకటి. ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరం, కంప్యూటర్ అక్షరాలను దాచుకునే యూనికోడ్ లెక్కలో 6 గుర్తులు. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డుతో కొడుతుంటే మొదట ‘స’, తరువాత ‘స్’, ఆపైన ‘స్త’ కనబడతాయి. ఎదుటి తెర మీద చూస్తున్న పిల్లాడు తప్పనుకుని గబుక్కున బ్యాక్‌స్పేస్ కొడతాడు, పదం కాస్తా పోతుంది. వాక్యం చివర చుక్క పడేదాకా ఎవరూ దాన్ని ముట్టుకోకూడదన్న నియమం మొదటి రోజే పెట్టండి.

ఎవరెంత రాశారో ఫైల్ మెనూలోని వెర్షన్ హిస్టరీ, అంటే మార్పుల చరిత్ర, చూపిస్తుంది. అయితే అందరూ టీచర్ ఖాతాతోనే లాగిన్ అయితే రాతంతా ఒక్క పేరు మీదే పడుతుంది. లింకు దొరికినవాళ్లందరూ రాయొచ్చు అని వదిలేస్తే, లాగిన్ కానివాళ్ల పేర్లే తెలియవు, పైగా ఆ లింకు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. పిల్లల ఈమెయిళ్లకే షేర్ చెయ్యండి. ఒక కంప్యూటర్ ముందు ముగ్గురు కూర్చుంటే హిస్టరీకి తెలిసేది లాగిన్ అయిన ఒక్కరే. పక్కన కూర్చుని చెప్పినవాళ్ల పేర్లు పేరా చివర రాయించకుండా మార్కులు వేస్తే అన్యాయం జరుగుతుంది.

ఇంటర్నెట్ అందని బడికి ఈథర్‌ప్యాడ్ అనే ఉమ్మడి రాత సాఫ్ట్‌వేర్ ఉంది, ఉచితం. ల్యాబ్‌లో ఒక కంప్యూటర్‌లో ఎక్కించి, మిగతావాటిని రూటర్‌తో కలిపితే, బ్రౌజర్‌లో ఆ కంప్యూటర్ ఐపీ చిరునామా (నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తించే అంకెలు), దాని పక్కన ఒకదాని కింద ఒకటి రెండు చుక్కలు (:), 9001 కొడితే ఈథర్‌ప్యాడ్ తెరుచుకుంటుంది. లాగిన్ అక్కర్లేదు. ఒక్కో పిల్లాడి రాత ఒక్కో రంగులో వస్తుంది. రాయడం మొదలుపెట్టకముందే ఎవరి పేరు వాళ్లు నింపాలి, లేకుంటే ఏ రంగు ఎవరిదో తేలదు. కన్ను గుర్తు నొక్కితే రంగులన్నీ పోతాయి. అలా పోయినా కంగారు పడొద్దు, గడియారం గుర్తు నొక్కి వెనక్కి జరిపితే మొదటి అక్షరం నుంచీ రాత మళ్లీ నడుస్తుంది.